3, 4, 5 తరగతుల పిల్లలకు వంట నేర్పడం: ఎక్కడ మొదలుపెట్టాలి, కత్తి ఎప్పుడు ఇవ్వాలి?

పల్లెబడి_టీచర్

అందరికీ నమస్కారం. మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. 3, 4, 5 తరగతులు కలిపి 27 మంది పిల్లలు, టీచర్లం ఇద్దరం. శనివారం భోజనాలయ్యాక గంటన్నర దొరుకుతుంది. నెలకు రెండు శనివారాలు పిల్లలచేత చిన్న చిన్న వంటలు చేయించాలని ఉంది. చూపించి ఊరుకోవడం కాదు, వాళ్ళ చేతులతోనే చేయాలి.

తరగతి గదిలో పొయ్యి లేదు. మధ్యాహ్న భోజనం వండే షెడ్డులో గ్యాస్ ఉంది కానీ అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. బల్లలు నాలుగున్నాయి, మిగతావాళ్ళు కింద కూర్చోవాలి. కుళాయి బయట ఒక్కటే.

తెలిసినవాళ్ళు చెప్పండి: మొదటి రోజు ఏం చేయించాలి? ఏ వయసుకు ఎలాంటి కత్తి? 27 మందికీ ఒకేసారి పని ఎలా పెట్టాలి? పొయ్యి దగ్గరికి అసలు రానివ్వచ్చా? కొలతలతో చెబితే మేలు.

కొలతగిన్నె

టీచర్ గారూ, మొదటి రోజు కత్తీ వద్దు, పొయ్యీ వద్దు. చేతులు కడగడం, కొలవడం, నిమ్మరసం. ఈ మూడింటితో గంటన్నర నిండిపోతుంది.

ముందు 27 మందినీ ఆరు జట్లు చేయండి: ఐదుగురివి మూడు, నలుగురివి మూడు. ప్రతి జట్టులోనూ మూడు తరగతులవాళ్ళూ ఉండాలి. ఒక్కో జట్టులో కడిగేవాళ్ళు, కొలిచేవాళ్ళు, పిండేవాళ్ళు, కలిపేవాళ్ళు, తుడిచేవాళ్ళు. నలుగురే ఉన్నచోట కలిపినవాళ్ళే తుడుస్తారు. వారం వారం పని మారాలి. పని లేక నిలబడ్డ పిల్లాడు ఎవర్నో ఒకర్ని తోస్తాడు, గిన్నె బోర్లా పడుతుంది. అందుకే ప్రతి చేతికీ పని ఉండేలా వంటకాన్ని ఎంచుకోవాలి. ఒకే పెద్ద గిన్నెలో ఒక్కరు కలుపుతుంటే మిగతా 26 మంది చూసే వంటకం ఏదైనా సరే, మీ బడికి పనికిరాదు.

కుళాయి ఒక్కటే కాబట్టి చేతులు కడిగించడానికే పావుగంట పడుతుంది. రెండు బకెట్లు, రెండు మగ్గులు పెట్టి, ఒకరు పోస్తుంటే ఒకరు రుద్దుకునేలా వరస కట్టించండి. సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. రెండో ఎక్కం మెల్లగా చివరిదాకా చెబితే సుమారుగా ఆ సమయమే అవుతుంది. బొటనవేలి చుట్టూ, గోళ్ళ కింద ఎక్కువమంది వదిలేస్తారు. గోళ్ళు శుక్రవారమే చూసి కత్తిరించుకు రమ్మనండి. తడిచేతులు లంగాకో నిక్కరుకో తుడిస్తే కడిగిన ఫలితం పోతుంది. గాలికి ఆరబెట్టడమే మంచిది.

ఇక కొలత. ఇళ్ళలో స్టీలు చెంచాలు ఒక్కోటీ ఒక్కో సైజు. దగ్గు మందు సీసాల మూతలు తెప్పించండి. వాటిమీద 5, 10 మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. వేణ్ణీళ్ళతో సబ్బుపెట్టి కడిగితే ఇంతకన్నా మంచి కొలత పల్లెలో దొరకదు. 5 మి.లీ. నీళ్ళు పట్టే చెంచా ఏదో పిల్లల్నే కనిపెట్టమనండి. తర్వాత పంచదార ఒకసారి గోపురంగా, ఇంకోసారి స్కేలుతో చదును చేసి తీయించండి. నాలుగు గోపురం చెంచాల్ని మళ్ళీ చదును చెంచాలుగా కొలిపిస్తే ఏడో ఎనిమిదో వస్తాయి. "అమ్మ రెండు చెంచాలే వేసింది, నాకెందుకు ఇంత తీపైంది" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఐదుగురి జట్టుకు నిమ్మరసం: కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు, మధ్యరకం నిమ్మకాయలు 3, పంచదార చదును చెంచాతో 15 (సుమారు 60 గ్రాములు), ఉప్పు పావు చెంచా. నలుగురికైతే నీళ్ళు 800 మి.లీ., పంచదార 12 చెంచాలు. నిమ్మకాయలు ఎన్నో వాళ్ళనే తేల్చమనండి, భిన్నాల పాఠం అక్కడే అయిపోతుంది.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. పంచదార మొత్తం చల్లటి నీళ్ళలో ఒకేసారి పోస్తే అడుగున కూర్చుంటుంది. ముందు ఒక గ్లాసు నీళ్ళలో పూర్తిగా కరిగించి తర్వాత మిగతా నీళ్ళు కలపాలి. నిమ్మచెక్కను పిప్పి అయ్యేదాకా నులిమితే తొక్కలోని చేదు దిగుతుంది; రెండుసార్లు గట్టిగా పిండితే చాలు. అల్యూమినియం గిన్నె వాడితే పులుపు లోహాన్ని తింటుంది. స్టీలు గానీ గాజు గానీ వాడండి. నిమ్మకాయలు మీరే సగానికి కోసి ఇవ్వండి.

తరుగుబల్ల

కత్తి సంగతి నేను చెబుతాను. కత్తిపీట మాత్రం వద్దు. అది పెద్దల కాలి పట్టుతో నిలిచే పనిముట్టు. పిల్లల బరువుకు కదులుతుంది, పైగా బ్లేడు ఎప్పుడూ పైకి చూస్తూ ఉంటుంది.

3వ తరగతికి: బ్రెడ్డుకు వెన్న రాసే మొద్దు స్టీలు కత్తి, కొంచెం పళ్ళున్నదైతే మేలు. అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప, బొప్పాయి ముక్క దీనితో తెగుతాయి. 4వ తరగతికి అదే కత్తితో కీరా, జామ (దోరది కాదు, పండింది). 5వ తరగతికి, నాలుగైదుసార్లు మొద్దుకత్తితో బాగా చేసినవాళ్ళకు మాత్రం, 8 నుంచి 10 సెంటీమీటర్ల బ్లేడున్న పదునైన చిన్నకత్తి. వయసుతోపాటు పట్టు చూసి ఇవ్వండి.

మొద్దుకత్తితో గట్టి కూర కోయించకండి. క్యారెట్, పచ్చిమామిడి మీద మొద్దుకత్తి దిగదు, పిల్లలు బలం పెడతారు, కత్తి జారి వేలిమీదికి వస్తుంది. గట్టివాటిని తురుముడుపీటమీద తురమవచ్చు, కానీ చివరి బొటనవేలంత ముక్క తురమకుండా తినేయమనండి. చర్మం గీరుకుపోయేది ఆ ఆఖరి ముక్క దగ్గరే.

నేర్పాల్సిన పట్లు రెండు. మొదటిది వంతెన పట్టు: బొటనవేలు ఒకపక్క, చూపుడువేలు ఒకపక్క పెట్టి కూరముక్కను పట్టుకోవాలి, మధ్యలో వంతెన కిందుగా కత్తి వెళ్ళాలి. సగానికి కోయడానికి ఇది. రెండోది పిల్లిపంజా: వేళ్ళ కొసలు లోపలికి ముడిచి, కణుపులు ముందుకు పెట్టి పట్టుకోవాలి. కత్తి కణుపులకు ఆనుకుని దిగుతుంది, గోళ్ళు వెనకే ఉంటాయి. ఈ రెండూ మొదట కత్తి లేకుండా, సుద్దముక్కమీద స్కేలుతో చేయించండి. పది నిమిషాల్లో ఎవరు వేళ్ళు చాస్తున్నారో తెలిసిపోతుంది.

కీరాను మీరే నిలువునా రెండుగా చీల్చి ఇవ్వండి. చదునైన పక్క కిందికి పెడితే దొర్లదు. గుండ్రటి కాయ దొర్లితే కత్తి జారి గాయమవుతుంది. తరుగుబల్ల కింద తడిగుడ్డ మడిచి వేస్తే బల్ల కూడా జారదు. ప్లాస్టిక్ మూతో, నోటుపుస్తకం అట్టో పెట్టి కోయించకండి.

కింద కూర్చుని కోయాల్సి వస్తే తరుగుబల్ల ఒడిలో పెట్టుకోనివ్వద్దు. ఎత్తు పీటమీద పెట్టాలి, మోకాళ్ళు పీటకు పక్కగా ఉండాలి. మీ దగ్గర బల్లలు నాలుగున్నాయి కాబట్టి కోసేవాళ్ళకు బల్లలు, కలిపేవాళ్ళకు నేల. ఒక్కసారికి రెండు జట్లే కత్తి పట్టాలి, ఒక టీచర్ వాళ్ళ పక్కనుంచి కదలకూడదు. ఎడమచేతి వాటం పిల్లల్ని కుడికి మార్చకండి. బల్ల ఎడమ చివర కూర్చోబెడితే మోచేతులు తగలవు.

కత్తి చేతినుంచి చేతికి ఇవ్వకూడదు. కింద పెట్టాలి, అవతలివాళ్ళు తీసుకోవాలి. కత్తితో నడవకూడదు. కడిగే బకెట్లో వేయకూడదు, సబ్బునీళ్ళలో కనిపించదు. కత్తులు మీరే కడగండి, ముందూ వెనకా లెక్కపెట్టండి.

తెగితే: పారే నీళ్ళకింద కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు మధ్యమధ్యలో తీసి చూడకుండా అదిమిపెట్టాలి. పసుపు అద్దకండి. ఆ పిల్లకు ఆ రోజు కొలతల లెక్క రాసే పని ఇవ్వండి. అప్పటిదాకా కోసిన ముక్కలు పారేయండి.

పచ్చిమిరప పిల్లలచేత అస్సలు కోయించవద్దు. కారం నీళ్ళతో పోదు. పొరపాటున చేతికి అంటితే ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. కళ్ళు నులుముకోకముందే పట్టుకోవాలి.

పల్లెబడి_టీచర్

చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. మరి పొయ్యిమీద వంట పూర్తిగా మానుకోవాలా? ఇంకో రెండు సంగతులు కూడా ఉన్నాయి. కొందరు తండ్రులు అప్పుడే "బడికి పంపింది చదువుకోడానికా, గిన్నెలు తోమడానికా" అంటున్నారు. మగపిల్లలు కొందరు ఆడపిల్లల పని అని నవ్వుతున్నారు. అన్నిటికన్నా బాధపెట్టేది, ఫలానా పిల్ల ముట్టుకున్నది తినం అనే ఇళ్ళు రెండున్నాయి.

జావకుండ

పొయ్యి గురించి: 3, 4 తరగతులకు వద్దు. 5వ తరగతివాళ్ళు ఏడాది చివర్లో, ఒక్కసారికి ఇద్దరు, మీరు పక్కన నిలబడితేనే. ప్రెషర్ కుక్కర్, వేడి నూనె, పోపు వీటికి పిల్లలు దూరం. రెగ్యులేటర్, లైటర్ మీ చేతిలోనే. పొయ్యి చుట్టూ మీటరు దూరంలో సుద్దముక్కతో గీత గీయండి. పేరు పిలిచినవాళ్ళే గీత దాటాలి. వోణీ అయినా పొడుగు చేతుల చొక్కా అయినా మడిచి కట్టాలి, జడ వెనక్కి వేయాలి. మూత తీసేటప్పుడు అవతలి అంచు ముందు లేపాలి. ఇవతలి అంచు లేపితే ఆవిరి నేరుగా మొహానికే కొడుతుంది.

కాలితే 20 నిమిషాలపాటు పారే చల్లటి నీళ్ళకింద పెట్టాలి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు. గాజులు, మొలతాడులాంటివి కాలినచోట ఉంటే వాపు రాకముందే తీసేయాలి. అరచేయికన్నా పెద్ద గాయమైనా, మొహం, చేతులు, కీళ్ళమీద అయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పొయ్యిమీద మొదటి పాఠానికి రాగిజావ మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో బడుల్లో రాగిజావ మొదలైంది కాబట్టి పిల్లలు తాగుతూనే ఉన్నారు, ఎలా తయారవుతుందో మాత్రం చాలామంది చూడలేదు. అందరికీ తలా రెండు మూడు గుక్కలు రావాలంటే: రాగిపిండి 100 గ్రాములు, నీళ్ళు లీటరు, బెల్లం తురుము 80 గ్రాములు, చిటికెడు ఉప్పు. లీటరులో పావువంతు చల్లటి నీళ్ళు విడిగా తీసి పిండిని అందులో ఉండల్లేకుండా కలపాలి. ఇది పిల్లల పని. మిగతా ముప్పావు లీటరు మరిగాక ఆ పలచటి పిండినీళ్ళు సన్నధారగా పోస్తూ తిప్పాలి. సన్నసెగమీద ఏడెనిమిది నిమిషాలు.

ఒక చిన్న గ్లాసులో వేణ్ణీళ్ళు పోసి అందులో ఒక చెంచా పొడిపిండి వేసి చూపించండి. వెంటనే ఉండ కడుతుంది. ఆ ఉండను చెంచాతో చిదిమితే పైన జిగురు పొర, లోపల పొడిపొడిగా పిండి అలాగే ఉంటుంది. వేడి తగలగానే పైపొర ఉడికి నీళ్ళను లోపలికి పోనివ్వలేదు. చల్లటి నీళ్ళలో ముందే కలిపితే ప్రతి రేణువుకూ నీళ్ళు అందుతాయి. పిల్లలు ఆ చిదిమిన ఉండను చూశాక జన్మలో మరిచిపోరు. ఉప్మాలోనో శనగపిండి పులుసులోనో ఉండ కట్టినా కారణం వాళ్ళే చెబుతారు.

జావ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, అందుకే కొంచెం పలచగా ఉన్నప్పుడే దించండి. పాలు కలిపేటట్టయితే బెల్లం వేసి మరిగించకండి, పాలు విరుగుతాయి. దించి, కాస్త వేడి తగ్గాక బెల్లం వేయాలి.

సంక్రాంతి_రోలు

పొయ్యి లేకపోయినా మన పండగ వంటల్లోనే ఏడాదంతా సరిపోయే పాఠాలున్నాయి. జనవరిలో చిమ్మిలి, ఉగాదికి పచ్చడి, శ్రీరామనవమికి వడపప్పు, పానకం. పిల్లల ఇళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు కాబట్టి పూజతో ముడిపెట్టకుండా ఆ నెలలో దొరికే పంటగా చెప్పండి: జనవరికి కొత్త బెల్లం, ఉగాదికి వేపపూత, మామిడి పిందె, కొత్త చింతపండు.

చిమ్మిలి లెక్క 27 మందికి: నువ్వులు 250 గ్రాములు, బెల్లం 200 గ్రాములు. తలా 16 గ్రాముల ఉండ, అంటే పెద్ద ఉసిరికాయంత. నువ్వులు మీరు ఇంటిదగ్గరే సన్నసెగమీద వేయించి తెండి. చిటపటలు మొదలై, మంచి వాసన రాగానే దించి వెంటనే పళ్ళెంలో పోయాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడి చేదెక్కుతాయి. బెల్లం గట్టిది కాకుండా చేతితో నలిగేది చూడండి.

రోట్లో నువ్వులు దంచుతుంటే మొదట పొడిగా ఇసుకలా ఉంటాయి. ఓ రెండు మూడు నిమిషాలకు రోకలికి అంటుకోవడం మొదలవుతుంది, రంగు ముదురుతుంది, రోలు అంచు నిగనిగలాడుతుంది. నూనె దిగుతోందన్న మాట. అప్పుడు బెల్లం వేసి మళ్ళీ దంచాలి. పిడికిట్లో పట్టి నొక్కితే వేళ్ళ గుర్తులు నిలవాలి. నిలవకుండా రాలిపోతే ఇంకా దంచాలి, నీళ్ళు చల్లకండి, మర్నాటికి బూజు వాసన వస్తుంది. మరీ ఎక్కువ దంచితే నూనె బయటికి తేలి ఉండ చేతిలో జారుతుంది. రోలు ఒక్కటే ఉంటే ఒక జట్టు దంచుతుండగా మిగతావాళ్ళు బెల్లం నలపడం, తూచడం, ముద్దల్ని సమానంగా పంచడం చేయాలి. దంచేవాళ్ళు ఒక్కరే ఉండాలి; రోకలి పడుతుండగా ఇంకొకరు చేయి పెట్టి ఎగదోయడం పిల్లలకు నేర్పకండి. ముందు దంచడం ఆపాలి, రోకలి పక్కన పెట్టాలి, అప్పుడే చేయి పెట్టాలి.

నువ్వులు, వేరుశనగ, పాలు, గుడ్డు పడనివాళ్ళు ఉంటారు. మొదలుపెట్టేముందు ప్రతి ఇంటినీ అడిగి రాసుకోండి. పెదాలు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లొచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ఉగాది పచ్చడి 27 మందికి: కొత్త చింతపండు 100 గ్రాములు లీటరు నీళ్ళలో నానబెట్టి పిసికి వడకట్టాలి, బెల్లం 250 గ్రాములు, చిన్న మామిడికాయ ఒకటి సన్నగా కోసింది (ఇది మీరే కోయండి), ఉప్పు ఒక చెంచా, మిరియాలపొడి అర చెంచా, తొడిమలు తీసిన వేపపూత రెండు పెద్ద చెంచాలు. వేపపూత పంచే ముందే వేయాలి. పొద్దున్నే వేస్తే మధ్యాహ్నానికి చేదు అంతా దిగి, మిగతా ఐదు రుచులూ తెలియవు.

కొలతగిన్నె

తల్లిదండ్రుల విషయం. మధ్యాహ్న భోజనం పనిలో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా పెట్టకండి. ఉల్లిపాయలు ఒలవడం, బియ్యం ఏరడం కూడా వద్దు. గిన్నెలు, సరుకులు, సమయం అన్నీ వేరుగా ఉండాలి. పాఠం ఒక గీత దాటితే చాకిరీ అయిపోతుంది, ఆ తండ్రుల అనుమానం అప్పుడు న్యాయమే. ఒక శనివారం వాళ్ళనే పిలిచి కొలత పాఠం చూపించండి. 15 చెంచాల్లో ఐదో వంతు ఎంతో తమ పిల్ల చెబుతుంటే వింటారు.

మగపిల్లలకు విడిగా ఉపన్యాసం అవసరం లేదు. పనుల చీటీలు తీయించండి. ఎవరికి ఏది వస్తే అది. చీటీ మార్చుకోవడం లేదు. తాగిన గ్లాసు తాగినవాళ్ళే కడగాలి, మీరు కూడా.

మూడోది బరువైన విషయం. జట్లు పిల్లల్ని ఎంచుకోనివ్వకండి, హాజరుపట్టీ నంబర్లమీద మీరే వేయండి. అన్ని జట్లూ తరిగింది చివర్లో ఒకే గిన్నెలో కలపాలి. వడ్డించే పని కూడా చీటీలోనే రావాలి. మొదటి ముద్ద అందరి ముందూ టీచర్లు తినాలి. ఎవరైనా తినకపోతే బలవంతం వద్దు, అందరిముందు అడగవద్దు. కానీ వాళ్ళకోసం వేరే గిన్నె మాత్రం ఎన్నటికీ పెట్టకండి. ఒక్కసారి వేరే గిన్నె పెడితే ఆ ఇంటి మాటకు బడి ఒప్పుకున్నట్టే. ఆ పిల్ల అదంతా చూస్తూనే ఉంటుంది.

తరుగుబల్ల

రెండో శనివారానికి వడపప్పు కీరా పెట్టుకోండి, కత్తి పాఠానికి సరిగ్గా సరిపోతుంది. ఐదుగురికి పెసరపప్పు 100 గ్రాములు, కీరా మధ్యరకం ఒకటి, కొబ్బరి తురుము రెండు పెద్ద చెంచాలు, అర నిమ్మచెక్క, ఉప్పు అర చెంచా. పప్పు నానితే దాదాపు రెట్టింపవుతుంది, ముందే చిన్న గిన్నెలో పోయకండి.

ఉప్పు ఆఖర్న వేయాలి. ఎందుకో చూపించడానికి కోసిన కీరాముక్కలు రెండు పళ్ళేల్లో పెట్టి, ఒకదానికే ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేయండి. ఉప్పు చల్లిన పళ్ళెం వంచితే చెంచాడు నీళ్ళు కారతాయి, ముక్కలు మెత్తబడి ఉంటాయి. రెండోది ఇంకా కరకరలాడుతుంది.

చేసింది గంటలోపు తినేయాలి, ఇంటికి కట్టివ్వద్దు. పప్పు పొద్దున ప్రార్థనకు ముందు నానబెడితే మధ్యాహ్నం ఎండకు పులిసిన వాసన వస్తుంది. భోజనం గంట కొట్టగానే నానబెట్టించండి, మీ పాఠం మొదలయ్యేసరికి సరిపోతుంది.

పల్లెబడి_టీచర్

వచ్చే శనివారం నిమ్మరసం, ఆపై శనివారం వడపప్పు. చీటీలు ఈరోజే రాసేస్తాను. మందు సీసా మూతలు తెమ్మని పిల్లలకు చెప్పాను, సీసాలు కాదు మూతలే అని రెండుసార్లు చెప్పాను. వేరే గిన్నె పెట్టకూడదన్న మాట మా రెండో టీచర్‌కు కూడా చదివి వినిపించాను, ఆవిడా సరేనన్నారు.